రెండు సీసాలు, ఒక ఆకు

మంత్రాలయంలో వేసవి సాయంత్రం తుంగభద్ర మెట్ల మీద కూర్చుంటే ముక్కుకు తీరికుండదు. తడిబట్టలు, హారతి కర్పూరం, అరగదీసిన గంధం, తులసిమాలలు, మల్లెల మధ్య కట్టిన మరువం, దవనం ఒకదాని వెనుక ఒకటి గాలిలో వచ్చి పోతుంటాయి. రాఘవేంద్రస్వామి 1671లో బృందావన ప్రవేశం చేసిన నాటికి ఈ ఊరి పేరు మంచాల. పేరు మారినా పరిమళం ఇక్కడి సేవలో భాగంగానే ఉంది.

అలాంటి ఒక సాయంత్రం మా అన్న కూతురు చేతిసంచిలోంచి రెండు చిన్న సీసాలు తీసి మెట్టు మీద పెట్టింది. కర్నూలులో డిగ్రీ చదువుతోంది. దాచుకున్న డబ్బుతో ఒక మంచి సెంటు కొనుక్కోవాలని దాని కోరిక. అంగట్లో నమూనాలుగా ఇచ్చిన సీసాలవి.

"చిన్నాయనా, రెండూ తియ్యగానే ఉండాయి, రెండిట్లోనూ పండ్ల వాసనే. ఏది తీసుకోవల్లో తెలీడం లేదు. నువ్వు కెమిస్ట్రీ సారువి కదా, చెప్పు" అంది.

రెంటినీ వాసన చూశాను. మొదటిదాంట్లో పీచుమిఠాయి, మాగిన పండు. రెండోదాంట్లో నారింజ తొక్క, పండు, కాస్త గులాబి. రెంటి అడుగునా ఒకే ఆకు ఉంది. అది పచౌలి. ఆ పూట ఏదీ తేల్చి చెప్పలేదు. "రెండు వారాలు ఆగు" అన్నాను. ఎందుకు ఆగమన్నానో చెప్పడానికే ఈ వ్యాసం. సెంటు కొనేటప్పుడు మనం తీర్పు చెప్పేది మొదటి నిమిషపు వాసన మీద. డబ్బిచ్చి ఇంటికి తెచ్చుకునేది మాత్రం ఆ తర్వాత గంటల తరబడి ఒంటి మీద ఉండే వాసనను.

పచ్చాకు కథ

పచౌలి అనే మాట ఫ్రెంచి మాటలా వినిపిస్తుంది గానీ దాని వేరు మన పక్కింట్లోనే ఉంది. తమిళంలో పచ్చై అంటే పచ్చన, ఇలై అంటే ఆకు. ఆ జంటపదమే వర్తకుల నోళ్లలో నలిగి పచౌలి అయిందన్నది ఎక్కువమంది ఒప్పుకునే వివరణ. తెలుగులో చెప్పుకుంటే అది పచ్చాకు. మొక్క శాస్త్రీయ నామం పోగోస్టెమాన్ కాబ్లిన్. గ్రీకులో పోగోన్ అంటే గడ్డం, స్టెమాన్ అంటే కేసరం. దీని పువ్వులోని కేసరాలకు గడ్డంలాంటి నూగు ఉంటుంది. కాబ్లిన్ అన్నది ఫిలిప్పీన్స్ జనం పిలుచుకునే పేరు నుంచి వచ్చింది. ఆ దేశపు మొక్కల మీద 1837లో గ్రంథం వెలువరించిన బ్లాంకో దీన్ని పుదీనాల్లో చేర్చాడు. తర్వాత ప్రజాతి మారింది గానీ కుటుంబం మారలేదు. మఠం ముందు అమ్మే తులసికీ, మాలలోని మరువానికీ, వంటింటి పుదీనాకూ పచౌలి దాయాది.

ఈ ప్రజాతిలో మన దేశంలో పెరిగే మరో మొక్క పేరు పోగోస్టెమాన్ హేనియానస్. ఆ పేరు వెనుక ఉన్న మనిషి బెంజమిన్ హేనె. గోదావరి సీమలోని సామర్లకోట తోటలో విలియం రాక్స్‌బర్గ్ తర్వాత వృక్షశాస్త్ర బాధ్యతలు చూసినవాడు. 1814లో లండన్‌లో అచ్చయిన ఆయన పుస్తకంలో కడప సీమ వజ్రాల గనుల ప్రస్తావన ఉంది. మన నేలలోని వజ్రాల గనుల గురించి రాసిన మనిషి పేరు ఒక సువాసన మొక్కకు మిగిలింది.

పచౌలికి పేరు తెచ్చింది శాలువలు. 19వ శతాబ్దంలో కాశ్మీరు శాలువలను ఐరోపాకు పంపేటప్పుడు పురుగు పట్టకుండా మడతల మధ్య ఈ ఎండాకులు వేసేవారు. శాలువ విప్పగానే వచ్చే ఆ వాసనే అసలు సరుకుకు గుర్తని కొనేవాళ్లు నమ్మడం మొదలుపెట్టారు. దాంతో నకలు శాలువలు నేసేవాళ్లు కూడా ఆకును తెప్పించుకుని వాడారు. వాసనను బట్టి సరుకు ఎంచుకోవడం అప్పటికే ఎంత కష్టమైన పనో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఈ మొక్కకు వానలు, చెమ్మ, కాస్త నీడ కావాలి. అందుకే ప్రపంచంలో పచౌలి నూనెలో ఎక్కువ భాగం ఇండోనేసియాలోని సుమత్రా, సులవేసి దీవుల నుంచి వస్తోంది. ఏడాదికి 700 మిల్లీమీటర్ల వాన కూడా నమ్మకం లేని కర్నూలు సీమకు అది దూరపు చుట్టమే. పచ్చి ఆకు నలిపితే వచ్చే వాసన తక్కువ. కోసిన ఆకును నీడన ఆరబెట్టి, కొన్నాళ్లు మగ్గబెడితే, ఆకు లోపలి కణాల్లో దాగిన నూనె బయటికి రావడానికి వీలవుతుంది. అప్పుడు దాన్ని ఆవిరి బట్టీలో గంటల తరబడి కాస్తారు. ఎండాకు బరువులో దిగే నూనె సుమారు 2, 3 శాతం. అది చిక్కగా, తేనెరంగులో ఉంటుంది. కొత్త నూనెలో కాస్త ఘాటు, పచ్చితనం ఉంటాయి. ఏళ్లు గడిచేకొద్దీ ఊరగాయలా కుదురుకుని గుండ్రంగా తయారవుతుంది. పాతబడితే విలువ పెరిగే నూనెలు తక్కువ, పచౌలి వాటిలో ఒకటి.

ఒకే పుట్టింటి వాసనలు

పచౌలి నూనెలో పెద్దపాలు పచౌలాల్ అనే పదార్థానిది. మంచి నూనెలో మూడోవంతు దాకా అదే ఉంటుంది. దాని అణువులో 15 కార్బన్లు, 26 హైడ్రోజన్లు, ఒక ఆక్సిజన్ మూడు వలయాలుగా ముడిపడి ఉంటాయి. అణుభారం 222. నూనెను నిలవ ఉంచితే ఇది కొన్నిసార్లు తెల్లటి పలుకులుగా అడుగున పేరుకుంటుంది. అందుకే పాతకాలపు రసాయనవేత్తలు దీన్ని పచౌలి కర్పూరం అన్నారు.

ఈ అణువు కథలో నాకు మిక్కిలి ఇష్టమైన ఘట్టం ఒకటుంది. 1960ల తొలి ఏళ్లలో జార్జ్ బూకి అనే రసాయనవేత్త బృందం పచౌలాల్ నిర్మాణాన్ని ప్రతిపాదించి, ప్రయోగశాలలో తయారు కూడా చేసింది. తయారైనది అసలుదానితో సరిపోయింది. కథ అంతటితో ముగిసినట్టే అనిపించింది. కానీ జ్యూరిక్‌లో ఎక్స్‌కిరణాలతో స్ఫటికాన్ని పరీక్షించినప్పుడు ప్రతిపాదించిన నిర్మాణం తప్పని తేలింది. తయారీలో ఒక మెట్టు దగ్గర అణువు తనంతట తాను రూపం మార్చుకుని, తప్పు పటం పట్టుకుని నడిచినవారిని సరైన ఊరికి చేర్చింది. మహామహుల తొలి నిర్ణయమే దిద్దుబాటుకు లోనైతే, అంగట్లో ఒక్క పీల్పుతో మనం చేసే నిర్ణయాన్ని ఇంకోసారి సరిచూసుకోవడంలో చిన్నతనమేమీ లేదు.

పచౌలాల్ ఎక్కువ ఉన్నంత మాత్రాన వాసనంతా దానిదే కాదు. ఒక్క శాతం కూడా లేని నార్‌పచౌలెనాల్ అనే పదార్థానికి ఆ వాసనలో పెద్ద పాత్ర ఉంది. పప్పులో ఇంగువ పాలెంత, దాని పెత్తనమెంత అని ఆలోచిస్తే ఈ సంగతి సులువుగా బోధపడుతుంది.

మరో బంధుత్వం కూడా ఇక్కడ చెప్పుకోవాలి. మొక్కలు, సూక్ష్మజీవులు తమ కణాల్లో ఫార్నెసిల్ డైఫాస్ఫేట్ అనే 15 కార్బన్ల గొలుసును తయారుచేసుకుంటాయి. ఒక ఎంజైము దాన్ని ఒక తీరుగా మడిస్తే పచౌలాల్. గంధపుచెట్టు మడిస్తే శాంటలాల్. దవనం మడిస్తే దవనోన్. నేలలోని స్ట్రెప్టోమైసిస్ బాక్టీరియా మడిచి, అందులోంచి మూడు కార్బన్లు విడిచేస్తే జియోస్మిన్. తొలకరి చినుకు పడగానే ఎండిన చేను నుంచి లేచే మట్టివాసనకు ఒక ముఖ్య మూలం ఆ జియోస్మినే. పచౌలిని వాసన చూసినవాళ్లు తడిమట్టిలా ఉందనడం ఊరికే పుట్టిన పోలిక కాదు. గంధం, దవనం, తొలకరి, పచ్చాకు నాలుగూ ఒకే గొలుసు నుంచి వచ్చినవి.

పండూ తీపీ ఎక్కడివి

సెంట్లలో పండు వాసన పండు నుంచి రాదు. మామిడిని, అనాసను బట్టీలో కాస్తే ఉడికిన వాసనే మిగులుతుంది. అందుకే ఆ వాసననిచ్చే పదార్థాలను విడిగా తయారుచేసి కలుపుతారు. అనాసలోనూ మామిడిలోనూ ఉండే ఎథిల్ బ్యుటిరేట్ అణుభారం 116. మాగిన అరటిపండును గుర్తుచేసే ఐసోఅమైల్ ఎసిటేట్ భారం 130. నారింజ తొక్కలోని లిమోనీన్ 136. ఇవి తేలికపాటివి. తెరిచిన సీసాలోంచి మొదట ముక్కును చేరేవి ఇవే, మొదట వెళ్లిపోయేవీ ఇవే. మాగిన పీచ్ పండు వాసననిచ్చే గామా అన్‌డెకాలాక్టోన్ భారం 184. అది కాస్త ఆగి మాట్లాడుతుంది.

తీపి సంగతి వేరు. పీచుమిఠాయి, పాకం వాసన ఎథిల్ మాల్టాల్‌ది. భారం 140 మాత్రమే. ఆ లెక్కన నారింజతో పాటే పోవాలి. కానీ అది మామూలు వేడిలో గట్టి పలుకులుగా ఉండే పదార్థం. తన అణువులతోనూ చుట్టూ ఉన్నవాటితోనూ గట్టిగా అంటిపెట్టుకుని ఉంటుంది కాబట్టి ఆకుతో పాటు చివరిదాకా నిలుస్తుంది. 1992లో ఒలివియే క్రెస్ప్ రూపొందించిన ఏంజెల్ అనే సెంటు ఈ పాకం వాసనను ధారాళంగా పచౌలితో జతచేసింది. తీపికి ఆకు చేదు, ఆకు మట్టితనానికి తీపి, ఒకదానికొకటి తూకమయ్యాయి. ఆ దారిలో వచ్చిన తీపి, పండు, పచౌలి సెంట్లు ఈనాడు ఎన్నో. మా పిల్ల తెచ్చిన రెండూ ఆ కోవలోవే.

పండు, ఆకు కలవడం మనకు కొత్త కాదని కూడా చెప్పాలి. చైత్రంలో దేవుడికి సమర్పించే దవనం ఆకే. దాని నూనెలో మాగిన పండు వాసన తొంగిచూస్తుంది. దక్షిణాదిన పండే ఈ మొక్క నూనెను సెంట్ల తయారీలో పండు వాసన కోసమే వాడతారు. మాలలో దవనం కట్టే చేతులకు ఈ జోడీ ఎప్పటినుంచో తెలుసు.

ఎండ, ఒళ్లు

అన్ని అణువులూ ఒకేసారి ఎగరవు. సెంటు తయారీదారులు వాటిని మూడు వరసలుగా చెప్పుకుంటారు. మొదటి పావుగంట పైవరస, ఆ తర్వాత రెండు మూడు గంటలు నడివరస, చివరగా అడుగువరస. పండు, నారింజ పైవరసవి. పచౌలి, పాకం అడుగువరసవి. ఐరోపా చలిదేశాల్లో ఈ వరసలు నిదానంగా విడతాయి. మంత్రాలయంలో వైశాఖం ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ద్రవాల ఆవిరి పీడనం వేడితో వేగంగా పెరుగుతుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే సెంట్లలోని పదార్థాలకు అది సుమారు రెట్టింపు నుంచి రెండున్నర రెట్లు అవుతుందని లెక్క కట్టవచ్చు. అంటే ఏసీ అంగట్లో పావుగంట నిలిచిన పండు, బయట ఎండలో అయిదారు నిమిషాల్లో వెళ్లిపోవచ్చు. అదే ఎండ ఆకునూ పాకాన్నీ మరింత గట్టిగా లేపుతుంది. అంగట్లో సున్నితంగా తోచిన తీపి వీధిలో ముఖానికి కొట్టినట్టుండటానికి కారణం ఇదే.

ఒళ్లు కూడా ఒక పాత్రే. చర్మం మీది సహజమైన జిడ్డు వాసన పదార్థాలను పట్టి ఉంచుతుంది. మన పొడిగాలికి చేతులు తెల్లగా పగిలి ఉంటే ఆ పట్టు తగ్గి, వాసన త్వరగా పోతుంది. వాసన లేని నూనెగానీ వాజిలిన్‌గానీ పలచగా రాసుకుని, దాని మీద సెంటు వేసుకుంటే ఎక్కువసేపు నిలుస్తుంది. రాఘవేంద్రస్వామి పూర్వాశ్రమం గురించి మంత్రాలయంలో అందరికీ తెలిసిన కథ ఒకటుంది. వేంకటనాథుడిగా ఉన్న రోజుల్లో ఆయన అగ్నిసూక్తం చదువుతూ గంధం తీశాడు. దాన్ని పూసుకున్నవాళ్ల ఒళ్లు భగభగ మండింది. వరుణసూక్తంతో చల్లబడింది. భక్తులకు అది మహిమను చెప్పే కథ. గంధం గుణం గిన్నెలో కాదు, పూసుకున్న ఒంటి మీదే తెలిసిందన్న మాట నాకు దాంట్లో ప్రతిసారీ వినిపిస్తుంది.

ముక్కు ఎంతవరకు సాక్షి

మనిషి ముక్కులో పనిచేసే వాసన గ్రాహకాల రకాలు సుమారు 400. వాటి జన్యువులను 1991లో బయటపెట్టినందుకే లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్‌లకు 2004లో నోబెల్ బహుమతి వచ్చింది. ఈ గ్రాహకాలు అందరిలో ఒకేలా ఉండవు. రాస్‌ప్‌బెర్రీ వంటి పండ్ల వాసనలో ఉండే బీటా అయొనోన్‌ను కొందరు పువ్వులా గుర్తిస్తారు, కొందరికి అది సరిగా అందదు. తేడా ఒక గ్రాహకపు జన్యువులో ఉంది. కాబట్టి స్నేహితురాలికి నచ్చిన పండు మనకు నచ్చకపోతే ఎవరి అభిరుచినీ తప్పుపట్టే పని లేదు.

ముక్కుకు అలవాటుపడే గుణం కూడా ఉంది. ఒకే వాసనను కొద్దిసేపు పీలిస్తే దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. అందుకే అంగట్లో వరసగా పది సీసాలు చూసినవాళ్లకు పదోదాని గురించి చెప్పే అర్హత ఉండదు. మధ్యమధ్య కాఫీ గింజలు చూపిస్తే ముక్కు తేరుకుంటుందని అంటారు. పరీక్షించి చూసినప్పుడు మామూలు గాలికన్నా అవి మెరుగని తేలలేదు. బయటికి వచ్చి నాలుగు నిమిషాలు నిలబడితే చాలు.

మేం చేసిన పరీక్ష

మొదటి వారం కాగితం పరీక్ష. డ్రాయింగు అట్టను వేలెడు వెడల్పున పుల్లలుగా కత్తిరించాం. ముందు రెంటికీ మధ్య తేడా ముక్కుకు నిజంగా తెలుస్తోందా అన్నది చూడాలి. మూడు పుల్లలు తీసుకుని, రెంటికి ఒక సెంటు, ఒకదానికి రెండోది అద్ది, వెనుక గుర్తు వేసి, పిల్లకు కళ్లు మూసి ఇచ్చాను. వేరుగా ఉన్నది ఏదో చెప్పాలి. ఇలా ఆరుసార్లు. గుడ్డిగా చెబితే మూడింట ఒకసారి సరిపోతుంది. ఆరుసార్లలో అయిదుసార్లు లేదా ఆరుసార్లూ అదృష్టంతోనే సరిగ్గా చెప్పే అవకాశం 729కి 13, అంటే నూటికి రెండు కూడా కాదు. మొదటి నిమిషంలో మా పిల్ల ఆరింటికి ఆరూ చెప్పింది. మూడు గంటలు ఆరిన పుల్లలతో అదే పరీక్ష పెడితే నాలుగే చెప్పగలిగింది. నాలుగు సరిపోవడం అదృష్టంతోనూ జరగవచ్చు. పండు ఎగిరిపోయాక రెండు సీసాలూ ఎంత దగ్గరి చుట్టాలో అప్పుడు దానికే అర్థమైంది.

రెండో వారం ఒంటి పరీక్ష. ముందు మోచేతి లోపలివైపు ఒక్క చుక్క వేసుకుని, ఒకరోజు దురద, ఎరుపు లేవని చూసుకుంది. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. సెంటులో అధికభాగం ఆల్కహాలు. రాసుకున్న వెంటనే దీపం దగ్గరికో హారతి దగ్గరికో వెళ్లకూడదు. సీసాను ఎండ పడే కిటికీలో పెట్టకూడదు. వెలుతురూ వేడీ లిమోనీన్ వంటి పదార్థాలను పాడుచేస్తాయి.

అసలు ప్రయోగశాల మాత్రం ఆర్టీసీ బస్సు. ఆదివారం ఉదయం హాస్టల్లో మొదటి సీసాలోది మణికట్టు మీద ఒక్కసారి కొట్టుకుని కర్నూలులో బస్సెక్కింది. కర్నూలు, కోడుమూరు, ఎమ్మిగనూరు, మంత్రాలయం, నాలుగు చోట్లా వాసన చూసి నోటు పుస్తకంలో రాసుకోవాలన్నది ఒప్పందం. వచ్చే ఆదివారం అదే బస్సు, అదే మణికట్టు, రెండో సీసా.

ఆ నోటు పుస్తకం ఇప్పుడు నా ముందుంది. మొదటి సీసా కింద "కర్నూలు: చానా బాగుంది. కోడుమూరు: పండు లేదు, పీచుమిఠాయి. ఎమ్మిగనూరు: తీపి ఎక్కువైంది, తల పట్టింది. మంత్రాలయం: ఇంకా అదే తీపి" అని ఉంది. రెండో సీసా కింద "కర్నూలు: నారింజ. కోడుమూరు: గులాబి, కొంచెం. ఎమ్మిగనూరు: తెలీడం లేదు" అని రాసి, ఆఖరి గడిలో రెండు వాక్యాలు రాసింది. "మంత్రాలయం: బస్సు దిగి నడుస్తాంటే చున్నీలోంచి వచ్చింది. ఆకు వాసన, పొడిగా, గుడి దగ్గర వాసనలో కలిసిపోయింది."

ఎమ్మిగనూరులో ఏమీ తెలియకపోవడానికి కారణం ముక్కు అలవాటుపడటం. బస్సు దిగి కొత్తగాలి తగలగానే తిరిగి పట్టుకుంది. వాసన అంతసేపూ మణికట్టు మీదే ఉంది.

ఏది కొనాలో నేను చెప్పాల్సిన అవసరం రాలేదు. రెండోది తీసుకుంది. చలికాలం వచ్చాక మొదటిదాన్ని ఇంకోసారి చూస్తానని నమూనా సీసాను గుడ్డలో చుట్టి, బీరువాలో చీకటిగా ఉన్న అరలో దాచింది. పుష్యమాసపు తెల్లవారుజామున, 20 డిగ్రీల లోపు చలిలో, ఎమ్మిగనూరులో తల పట్టించిన ఆ తీపి వేరేలా ఉండవచ్చు. అది కూడా పరీక్షించాల్సిన సంగతే.